ఉంటే, ఉండి ఉంటే: స్పానిషు క్రియలలో చేదర్థము

సింగరాయకొండ రైల్వే స్టేషనులో బండి కొరకు వేచియున్న ముగ్గురు పొగాకు రైతులను మనస్సులో ఊహించుకొనుడు. మాటల సందర్భమున వేలము ప్రస్తావన వచ్చినది. మొదటి రైతు, “మంచి ధర ఉంటే అమ్ముతాను” అనెను. రెండవ రైతు, “మంచి ధర ఉంటే అమ్మేవాణ్ణే” అనెను. మూడవ రైతు కొంత తడవు ఊరకుండి, “పోయిన వారం మంచి ధర ఉండి ఉంటే అప్పుడే అమ్మి ఉండేవాణ్ణి” అనెను.

మువ్వురును వాడిన క్రియలు రెండే: ఉండుట, అమ్ముట. అయినను మువ్వురి స్థితియు ఒకటి కాదు. మొదటివాని ఇంట సరకు ఉన్నది, మనస్సున ఆశయు ఉన్నది. రెండవవాడు నేడు ధర లేదని తెలిసికొని సరకు అమ్మక తిరిగి పోవుచున్నాడు. మూడవవానికి మిగిలినది గడచినదానిని గూర్చిన విచారము మాత్రమే. వీరి మాటలు వినుచున్న మనకు ఈ భేదము ఎవరును బోధింపనక్కరలేదు. క్రియ చివర నున్న రెండు మూడు అక్షరములే ఆశను, లేమిని, విచారమును వేరు చేసి చూపినవి.

ఈ మూడు వాక్యములను స్పానిషు భాషలో ఎట్లు చెప్పుదురో నేటి ప్రసంగములో విచారింతము. సింగరాయకొండ రైతునకును స్పానిషు భాషకును ఏమి సంబంధమని శ్రోతలలో కొందరు అనుకొనవచ్చును. ఆ రైతు పండించు పొగాకును, ఇరుగుపొరుగున పండు మిరపయు, రెండును అమెరికా ఖండములనుండి వచ్చిన పంటలే. 1492లో కొలంబసు స్పెయిను రాణి ఓడలపై బయలుదేరి ఆ ఖండపు దీవులను చేరిన పిదప ఈ మొక్కలు మహాసముద్రములు దాటినవి. మిరప పోర్చుగీసువారి ద్వారా మన దేశమునకు వచ్చినది. మెక్సికోలో నేటికిని మిరపను ‘చీలె’ అందురు. పొగాకును స్పానిషువారు ‘తబాకొ’ అందురు. ఇరువది దేశములలో అధికార భాషగా చెల్లుబాటగుచున్న ఈ భాష మన పొలములలోని పంటలకు చుట్టమే.

అంతకంటె దగ్గరి సంబంధము ఇంకొకటి కలదు. 1920లో బార్సిలోనా నగరమున జన్మించిన విన్సెంట్ ఫెర్రరు 1952లో జెసూట్ సభ్యుడుగా భారతదేశమునకు వచ్చి, మహారాష్ట్రలోని మన్మాడులో పేద రైతుల నడుమ పనిచేసెను. 1968లో దేశము విడువవలసి వచ్చినను, 1969లో మరల వచ్చి అనంతపురమున స్థిరపడెను. ఆయన నెలకొల్పిన గ్రామీణాభివృద్ధి సంస్థ ఆ కరవు సీమలో బావులు, పాఠశాలలు, ఇండ్లు, బత్తలపల్లి ఆసుపత్రి మొదలగువానిని నిర్మించినది. 2009లో ఆయన అనంతపురముననే కన్నుమూసెను. ఈ కార్యములకు స్పెయిను దేశములోని వేలాది సామాన్య కుటుంబములు విరాళములిచ్చినవి. అందుచేత అనంతపురపు పల్లెలకును స్పెయిను పట్టణములకును నడుమ ఉత్తరములు నడచినవి. తెలుగులో వ్రాసిన మాట స్పానిషులోనికిని, స్పానిషులో వ్రాసిన మాట తెలుగులోనికిని మారవలసి వచ్చినది. హైదరాబాదులోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయమునందును స్పానిషు బోధింపబడుచున్నది. కాబట్టి మన విషయము కేవలము గ్రంథస్థమైనది కాదు.

ఇక క్రియల సంగతి. మన వ్యాకరణములలో ‘వస్తే’, ‘వచ్చినచో’ వంటి రూపములకు చేదర్థకములని పేరు. ‘చేత్’ అను సంస్కృతపు అవ్యయమునకు ‘ఐనచో’ అని అర్థము. ఒక పని జరిగినచో మరియొకటి జరుగునని చెప్పునట్టి వాక్యములో, నియమమును చెప్పు భాగమొకటి, ఫలమును చెప్పు భాగమొకటి ఉండును. తెలుగులో చేదర్థక ప్రత్యయము నియమభాగమున చేరును. స్పానిషువారు ‘కొందిసియొనాల్’ అను పేరుతో వ్యవహరించు క్రియారూపము ఫలభాగమున వచ్చును. మొదట గుర్తుంచుకొనవలసినది ఈ భేదమే. మనము ‘ఉంటే’ అను మాటకు కట్టిన ముడిని వారు ‘అమ్మేవాణ్ణి’ అను మాటకు కట్టుదురు.

అమ్ముటకు స్పానిషులో ‘బెందేర్’ అందురు. ఆ భాషలో వకారమును బకారమువలె పలుకుదురు గనుక నేనును అట్లే పలుకుచున్నాను. ఈ పూర్తి ధాతువును ఏమాత్రము విరువక, దాని చివర ‘ఈయ’ అని చేర్చినచో చేదర్థ రూపము సిద్ధించును. నేను అమ్మేవాణ్ణి: బెందెరీయ. నీవు అమ్మేవాడివి: బెందెరీయస్. అతడు లేక ఆమె: బెందెరీయ. మేము: బెందెరీయమోస్. మీరందరు: బెందెరీయైస్. వారు: బెందెరీయన్. ధాతువు ఏ తరగతికి చెందినదైనను ప్రత్యయములు ఇవియే. మాటలాడుటకు ‘అబ్లార్’, దానికి ‘అబ్లరీయ’. జీవించుటకు ‘బిబీర్’, దానికి ‘బిబిరీయ’. క్రొత్తగా నేర్చువారికి ఇంత సులభమైన అధ్యాయము స్పానిషు వ్యాకరణములో మరియొకటి అరుదు.

శ్రోతలు ఒక విషయము గమనించియుందురు. ‘నేను’ అనుటకును ‘అతడు’ అనుటకును రూపమొక్కటే: బెందెరీయ. తెలుగులో ‘అమ్మేవాణ్ణి’ అన్నచో నేనని, ‘అమ్మేవాడు’ అన్నచో అతడని, ‘అమ్మేది’ అన్నచో ఆమె యని క్రియయే చెప్పివేయును. స్పానిషు క్రియ అంత చెప్పదు. సందర్భమునుబట్టి గ్రహింపవలెను, లేదా సర్వనామమును విడిగా చేర్చవలెను. ఉత్తరమును తెలుగులోనికి మార్చువాడు ఇచ్చట కాస్త నిలిచి, ఈ అమ్మువాడు ఎవరు, పురుషుడా స్త్రీయా అని వెదకుకొనవలసి యుండును.

క్రమము తప్పిన ధాతువులు పండ్రెండు మాత్రమే. అవి మూడు విధములు. అయిదింటిలో నడిమి అచ్చు జారిపోవును: ‘పొదేర్’, అనగా చేయగలుగుట, ‘పొద్రీయ’ అగును. తెలియుట, కోరుట, సహాయక క్రియయగు ‘అబేర్’, ఇముడుట అనునవి ఈ దారినే నడచును. మరి యైదింటిలో అచ్చు జారుటయే గాక దకారము వచ్చి చేరును: కలిగియుండుట ‘తెనేర్’, దానికి ‘తెన్ద్రీయ’, వచ్చుట ‘బెనీర్’, దానికి ‘బెన్ద్రీయ’. ఉంచుట, బయలుదేరుట, విలువచేయుట అనునవి ఈ కోవలోనివే. మిగిలిన రెండు, చేయుటయు చెప్పుటయు, బాగుగా కుదించుకొనిపోయి ‘అరీయ’, ‘దిరీయ’ అగును. ఇందులో వింత ఏమియు లేదు. నకారము, రేఫము ప్రక్కప్రక్కన వచ్చినచో నాలుక కష్టపడును. దకారము నడుమ నిలిచి దారి చేయును. మనము మాత్రము ‘వస్తే, చేస్తే’ అన్నవారము ‘తిన్తే, ఉన్తే’ అనుచున్నామా? ‘తింటే, ఉంటే’ అనుచున్నాము. నోటి సౌకర్యమునకు ఏ దేశమైనను లోబడవలసినదే.

ఈ ‘ఈయ’ అను ప్రత్యయము ఎక్కడనుండి వచ్చినదో తెలిసికొనినచో, మన తెలుగునకును దీనికిని గల పోలిక బయటపడును. ‘అబేర్’ అనగా పూర్వము కలిగియుండుట. దాని భూతకాల రూపము ‘అబీయ’. ‘బెందేర్ అబీయ’ అన్నచో ‘అమ్మవలసి యుండెను’ అని యర్థము. వాడుకలో ఈ రెండు పదములును కలిసిపోయి, రెండవది అరిగి, చివరకు ‘బెందెరీయ’ అయినది. పాత స్పానిషులో ఈ రెండింటి నడుమ ‘నీకు’, ‘వానికి’ వంటి చిన్న సర్వనామమును దూర్చుటయు కలదు. మన ఒంగోలు జాతి పశువులను ‘నెలోరె’ అను పేరుతో పెంచుచున్న బ్రెజిలు దేశపు పోర్చుగీసు భాషలో, గ్రంథస్థమైన శైలియందు, ఆ అతుకు ఇప్పటికిని కనబడును. కొలంబసు బయలుదేరిన 1492లోనే కాస్టిలియను భాషకు తొలి వ్యాకరణమును అచ్చువేయించిన నెబ్రీహా పండితుడు కూడ ఈ అతుకును గుర్తించెను. 1847లో స్పానిషు మాటలాడు అమెరికా ప్రజల కొరకు వ్యాకరణము వ్రాసిన ఆంద్రేస్ బెయ్యొ దీనికి ‘భూతానంతరము’ అను అర్థము వచ్చు పేరు పెట్టెను.

ఇప్పుడు ఈ రెండు మాటలను చెవికి ఆనించి వినుడు: ‘బెందీయ’, ‘బెందెరీయ’. మొదటిదానికి ‘అలవాటుగా అమ్మేవాణ్ణి’ అని యర్థము. రెండవదానికి ‘ధర ఉంటే అమ్మేవాణ్ణి’ అని యర్థము. నడుమ ఉన్న తేడా ధాతువు చివరి ‘ఎర్’ మాత్రమే. తెలుగులో ఆ తేడాయును లేదు. ఒక వృద్ధుడు, “ఆ రోజుల్లో మంచి ధర ఉంటే అమ్మేవాణ్ణి, లేకపోతే దాచేవాణ్ణి” అన్నచో అది అలవాటు. సింగరాయకొండలోని రెండవ రైతు అన్న “మంచి ధర ఉంటే అమ్మేవాణ్ణే” అనునది జరుగని పని. మాట ఒక్కటే, ఒకచోట నిజముగా ఎన్నియో సారులు జరిగినది, మరియొకచోట ఒక్కమారును జరుగనిది. రెండు భాషలును, ఒకదాని నొకటి ఎరుగకయే, ఒకే ఉపాయమును పట్టినవి. లేనిదానిని గూర్చి చెప్పవలసి వచ్చినప్పుడు గతకాలపు వస్త్రమును తొడిగినవి. ఎదుట లేనిది కావున, గడచిపోయినదానివలె దూరముగా నిలిపి చూపినవి. ఈ కిటుకు తెలిసిన తెలుగువానికి స్పానిషు చేదర్థము పరాయిది కాదు.

అయినను నియమభాగమున జాగ్రత్త వలెను. ‘అయితే’ అనుటకు వారి మాట ‘సి’. మొదటి రైతు మాట: “సి అయ్ బ్వేన్ ప్రేసియొ, బెందెరే.” ఇది సాధ్యమైన సంగతి, ఇందు చేదర్థ రూపము లేదు, సామాన్య భవిష్యత్తు ఉన్నది. రెండవ రైతు మాట: “సి ఉబియేర బ్వేన్ ప్రేసియొ, బెందెరీయ.” మూడవ రైతు మాట: “సి ఉబియేర అబీదొ బ్వేన్ ప్రేసియొ, అబ్రీయ బెందీదొ.” మన ‘ఉండి ఉంటే, అమ్మి ఉండేవాణ్ణి’ అనుదానిలో ‘ఉండు’ ధాతువు సహాయమునకు వచ్చినట్లే, అక్కడ ‘అబేర్’ రెండు భాగములందును సహాయమునకు వచ్చినది.

‘సి’ పిదప ‘ఈయ’ ప్రత్యయపు రూపమును వాడరాదని శిష్టభాషలోని కట్టుబాటు. అక్కడ ‘ఉబియేర’ వంటి సంభావనార్థక భూతరూపము రావలెను. ఉత్తర స్పెయినులోని కొన్ని ప్రాంతములలో జనులు ‘సి’ తరువాతను ‘ఈయ’ రూపమునే పలుకుదురు గాని, బడిపంతుళ్లు దానిని దిద్దుదురు. తెలుగువానికి కష్టమైన మెట్టు ఇదియే. మన ‘తే’ అను ప్రత్యయము నేను వస్తే, నీవు వస్తే, వారు వస్తే అని అందరికిని ఒక్కటే, కాలముతోను పనిలేదు. వారిది మనిషికొక రూపము. ఈ రూపములను వల్లెవేయుటకంటె దగ్గరి దారి లేదు.

మన రైతుల వాక్యములు మూడును మూడింటికి సరిపోయినవి గదా అని నిశ్చింత పడరాదు. “వాన పడితే పంట వస్తుంది” అని ఒక తల్లి తన బిడ్డ చేత ఉత్తరములో వ్రాయించినదనుకొందము. తెలుగులో ఈ వాక్యము, మబ్బు పట్టియున్న రోజున అన్నను చెల్లును, రెండేండ్లుగా చినుకు లేని ఊర అన్నను చెల్లును. స్పానిషు అట్లు ఊరకుండనీయదు. వాన పడు నమ్మకము ఉన్నదా, లేదా, తేల్చి చెప్పుమనును. ఉన్నచో “సి యుఎబె, తెన్ద్రేమోస్ కొసేచ.” లేనిచో “సి యొబియేర, తెన్ద్రీయమోస్ కొసేచ.” ఆ తల్లి ఆశ విడువలేదు; అనువాదకుడు రెండవ వాక్యమును ఎన్నుకొనినచో ఆమె ఆశను తానే తుంచినవాడగును. పంట పోయిన పిదప వ్రాసిన ఉత్తరమునకు మొదటి వాక్యమును వాడినచో, దూరదేశములోని చదువరి ఇంకను భయము లేదని అనుకొనును. కాబట్టి ఒక వ్యాకరణ రూపమును ఎన్నుకొనుటకు ముందు, ఆ ఊరి ఆకాశము ఎట్లున్నదో తెలిసికొనవలసి యుండును.

ఎదుటి దిక్కునుండి వచ్చు ఉత్తరములో ప్రమాదము ఇంకను సూక్ష్మము. “మె గుస్తరీయ ఇర్ ఆ అనంతపూర్” అని స్పెయినునుండి ఒకరు వ్రాసిరనుకొనుడు. ‘గుస్తార్’ అనగా ఇష్టమగుట. “అనంతపురం రావాలని నాకు ఉన్నది, వీలుపడితే” అని దాని భావము. ఇది కోరిక, మాట ఇచ్చుట కాదు. దీనిని “నేను అనంతపురం వస్తాను” అని తెలుగు చేసినచో, ఆ పసివాడు సెలవు రోజులు లెక్కపెట్టుకొనుచు, బస్సు వచ్చినప్పుడెల్ల వీధిలోనికి పరుగెత్తును. వచ్చెదనని వ్రాయనివారు రాలేదని ఆ పసి మనస్సు నొచ్చుకొనును. తప్పు వ్రాసినవారిది కాదు, చదివినవానిదియు కాదు; నడుమ జారిపోయిన ‘ఈయ’ అను ప్రత్యయముది.

ఈ రూపమునకు గల తక్కిన ప్రయోగములను చూచినచో ఈ మెత్తదనమే అంతటను కానవచ్చును. మర్యాదగా అడుగునపుడు “పొద్రీయ ఉస్తేద్ ఆయుదార్మె?” అందురు. “తమరు నాకు కాస్త సాయము చేయగలరా?” అని మన మనునట్టిదే. గడచిన కాలమును గూర్చి ఊహ చేయునపుడు “సెరీయన్ లాస్ దియేస్” అందురు. “అప్పుడు పది గంటలయి ఉంటుంది” అని యర్థము. కొన్ని పత్రికలలో రూఢి కాని వార్తను చెప్పునపుడును ఈ రూపమును వాడుదురు. మనము ‘రాజీనామా చేసినాడట’ అని ‘అట’ చేర్చి బాధ్యతను తప్పించుకొనుచోట, వారు ‘అబ్రీయ’ అను మాటతో తప్పించుకొందురు. ఈ అలవాటును ఆక్షేపించు భాషావేత్తలు అక్కడను కలరు.

ఇంకొక ప్రయోగము మనవారిని తప్పక పడద్రోయును. “వస్తానని అన్నాడు” అను వాక్యమును చూడుడు. ఇందులో ‘వస్తాను’ అనునది అతని నోటి మాట. ‘అని’ అను చిన్న పదము దానిని ఉన్నదున్నట్లు మోసికొని వచ్చినది. స్పానిషులో అట్లు మోయు పదము లేదు. “దిహొ కె బెన్ద్రీయ” అందురు. ‘అతడు వచ్చునని చెప్పెను’ అని దాని పోకడ. నాడు భవిష్యత్తుగా ఉన్నది నేడు గతములో భాగమైనది గనుక ‘ఈయ’ రూపము వచ్చినది. తెలుగు అలవాటున ‘వస్తాను’ అనుదానిని మక్కికి మక్కి దింపి “దిహొ కె బెన్ద్రే” అన్నచో, ‘నేను వచ్చెదనని అతడు చెప్పెను’ అని అర్థమగును. అతడిచ్చిన మాట మన నెత్తిన పడును!

స్పానిషు నేర్వగోరు శ్రోతలకు నేను చెప్పదగిన సులభమార్గము ఒకటి కలదు. పుస్తకము తెరచుటకు ముందు మన ఇంటి మాటలను వినుడు. వంటయింటిలో “బియ్యం ఉంటే పులిహోర చేసేదాన్ని” అన్న మాట వినబడినచో, అది ఆశయా, లేమియా, అలవాటా అని అడిగి చూడుడు. అది తేలిన పిదప స్పానిషు రూపము దానంతట అదే వచ్చి నిలుచును. మొదట తెలుగు చేదర్థమును ఎరిగినవాడే రెండవ భాషలోని చేదర్థమును సరిగా పట్టగలడు.

సింగరాయకొండ స్టేషనులో మన ముగ్గురు రైతులు ఎక్కవలసిన బండి వచ్చుచున్నది. వారి మాటలను ఎన్నడైన ఒక దూరదేశమునకు చేర్చవలసి వచ్చినచో, మొదటివాని ఆశను ఆశగానే, రెండవవాని లేమిని లేమిగానే, మూడవవాని విచారమును విచారముగానే చేర్చుట మన విధి. ‘తే’ యనునది ఒక్క అక్షరము, ‘ఈయ’ యనునది రెండక్షరములు. ఒకరు కోరినదానిని మరియొకరు మాట ఇచ్చినట్లు వినకుండ కాపాడునవి అవియే.